ట్రైగ్లిజరైడ్లు 412 నుంచి 148కి ఎలా వచ్చాయంటే

మామూలు పరీక్షల కోసం రక్తం ఇస్తే ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 412 అని వచ్చింది. డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఒంట్లో నలతేమీ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నూనె తగ్గిస్తే చాలనుకున్నాను. రెండు నెలల తర్వాత చూస్తే 390! డాక్టరు నా దినచర్య మొత్తం చెప్పించుకున్నారు. రోజూ మూడుసార్లు తీపి పానీయాలు, సాయంత్రం పండ్లరసం, వారాంతంలో మద్యం. అసలు సంగతి అక్కడ దొరికింది. ఒంటి అవసరానికి మించి చేరిన చక్కెరను, పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. మద్యం ఆ పనిని ఇంకా పెంచుతుంది. నేను మూసిన తలుపు ఒకటి, కొవ్వు వస్తున్న దారి మరొకటి.

థైరాయిడ్ మందగించినా, మధుమేహం అదుపు తప్పినా ఈ సంఖ్య పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్షలూ చేయించారు. నాకు ఆ సమస్యలు లేవు.

మద్యం పూర్తిగా ఆపాను. తీపి పానీయాల బదులు మంచినీళ్లు. రాత్రి భోజనంలో పిండిపదార్థం సగం చేసి, రోజూ 40 నిమిషాలు వేగంగా నడిచాను. అన్నిటికన్నా కష్టమైనది పండ్లరసం మానడం, ఆరోగ్యానికి మంచిదని నమ్మి తాగినది కదా! ఆరు కిలోలు తగ్గాను. నాలుగు నెలలకు, 12 గంటలు ఏమీ తినకుండా చేయించిన పరీక్షలో 148 వచ్చింది.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉంటే గుండెకు, రక్తనాళాలకు ముప్పు. 500 దాటితే క్లోమానికి వాపు వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది, అది ప్రాణాల మీదకు తేగలదు. ఆ స్థాయిలో ఉన్నవారు నాలాగా ఆహారంతో ప్రయోగాలు చేస్తూ నెలలు గడపకండి, వెంటనే డాక్టరును కలవండి.