వాటర్ స్కీయింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: తాడును చేదకండి

రెండో పాఠం చదివి నీళ్లలోకి దిగినవాళ్లలో చాలామంది ఒకటే మాట రాశారు: "బోటు కదలగానే పడిపోయాం." ముక్కులోకి నీళ్లెక్కినా వదలకుండా ఏడెనిమిది సార్లు ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. తప్పు నాది. "చేతులు చాపి ఉంచండి" అని ఒక్క ముక్కలో చెప్పి దాటేశాను. అందుకే ఈసారి చెబుతానన్న అలలు దాటడం నాలుగో పాఠానికి జరుపుతున్నాను.

లైఫ్ జాకెట్ వేసుకోవడం, స్కీల (కాళ్లకు బిగించుకునే పొడవాటి పలకల) తొడుగుల్లోకి పాదాలు దూర్చడం మీకు వచ్చేశాయి. బోటులో నడిపేవారు కాక, మిమ్మల్నే చూస్తూ కూర్చునే మనిషి ఇంకొకరు ఉన్నారు. ఇక అసలు సంగతికి వద్దాం.

నీళ్లలో గొంతుక్కూర్చున్నారు. మోకాళ్లు రొమ్ముకు ఆనుతున్నాయి. స్కీల ముక్కులు నీటిపైకి జానెడు లేచి ఉన్నాయి, వాటి మధ్య నుంచి తాడు వెళ్తోంది. తాడు బిగిసింది. "హిట్ ఇట్" (ఇక లాగండి) అని అరిచారు. బోటు లాగింది. అంతే, మీ మోచేతులు మడతపడి తాడు కొసనున్న పిడి రొమ్ము దగ్గరికి వచ్చేసింది. పడ్డది అక్కడే.

తాడు చేతికొస్తే చేదడం మనకు అలవాటు. బావి దగ్గర బరువు అవతల ఉంటుంది, లాగేది మనం. ఇక్కడ లాగేది బోటు, బరువు మనం. పిడిని దగ్గరికి లాక్కోగానే తాడు ఒక్క క్షణం వదులవుతుంది. ఆధారం పోయి వెనక్కి తూలుతారు. మరుక్షణం బోటు ఆ వదులంతా లాగేసుకుని ఒక్క కుదుపు ఇస్తుంది. పిడి జారిపోతుంది, లేదా మీరు బోర్లా పడతారు. చెట్టుకొమ్మ పట్టుకుని ఊరికే వేలాడతామే, చేతులు అలా ఉండాలి. క్రేను మూటను లేపుతుంటే మూట ఏమీ చేయదు. బలమైన గిత్త పలుపు పట్టుకుని పరుగెత్తినవాళ్లకైతే ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

మొన్న ఒకావిడ నాలుగుసార్లు పడ్డారు. చూస్తే పిడి మీద వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "పట్టు వేళ్లలో చాలు, భుజాలు వదిలెయ్యండమ్మా, మోకాళ్లకు చెరోవైపు నుంచి చేతులు చాపండి" అన్నాను. ఐదోసారి లేచారు.

లేచి నిలబడాలన్న తొందర కూడా ఇలాంటిదే. స్కీలు నీటిమీద జారడం మొదలవకముందే కాళ్లు చాపితే నీరంతా వాటికి అడ్డుపడుతుంది. చూపు బోటు మీద ఉంచండి. స్కీలను చూస్తే తల వంగుతుంది, తల వెంట నడుమూ వంగుతుంది.

ఈ ఆట పుట్టింది కూడా ఇలా పడుతూ లేస్తూనే. 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు మొదట పీపా చెక్కలు, తర్వాత మంచు స్కీలు కట్టుకుని చూశాడు. కుదరలేదు. చివరికి తానే వెడల్పాటి పలకలు చేసుకుని, జులై 2న వెనక్కి వాలి, ముక్కులు పైకెత్తి ఉంచితే నిలబడగలిగాడు. మర్నాటికి అతనికి 19 ఏళ్లు.

నడిపేవారికి ఒక మాట: థ్రాటిల్ (వేగం పెంచే మీట) ఒక్కసారిగా తోయకండి. పెద్దవాళ్లకైనా మొదట్లో గంటకు 30 కిలోమీటర్ల లోపు చాలు. నేనైతే కొత్తవాళ్లకు 23 మీటర్ల తాడు ఇవ్వను. బోటు పక్కకు బూమ్ కడ్డీ బిగించి దాన్ని పట్టుకోమంటాను. నా మాట పక్కనే ఉన్నవాళ్లకు వినబడుతుంది, తాడు వదులయ్యే బాధే ఉండదు. అదీ తెల్లవారగానే, గాలి లేవకముందు.

అభ్యాసం ఇంట్లోనే. మడమలు పిరుదుల దగ్గరికి తెచ్చుకుని నేలమీద కూర్చోండి. మందపాటి తువ్వాలు ఒక కొస మీరు పట్టుకోండి, రెండో కొస ఇంకొకరు మెల్లగా లాగాలి. చేతులు చాచే ఉంచి గొంతుక్కూర్చునేదాకా లేచి, ఐదు లెక్కపెట్టి, అప్పుడు నిలబడండి. ఇలా యాభై సార్లు, నాలుగు రోజులపాటు. మోచెయ్యి ఒక్కసారి మడిచినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఇది పూర్తికాకుండా నీళ్లలోకి దిగొద్దు.

దిగాక పడితే పిడి వెంటనే వదిలేయండి. తేలగానే చెయ్యి నిలువుగా పైకెత్తండి, బాగానే ఉన్నారని బోటులోవాళ్లకు తెలియాలి.