అయినవాళ్లకు అప్పిచ్చేటప్పుడు నోటు ఎలా రాయించుకోవాలి? దాన్ని ఎలా బతికించుకోవాలి?

ప్లీడరు గుమస్తాగా నా చేతికి వచ్చిన ప్రామిసరీ నోట్లలో చాలావరకు బంధువుల మధ్య రాసుకున్నవే. బావమరిదికి ఇచ్చినవి, తోడల్లుడికి ఇచ్చినవి, మేనల్లుడి చదువుకని, చిన్నాన్న బోరు వేయించుకోవడానికని ఇచ్చినవి. అప్పు నిజమే, డబ్బు చేతులు మారిన మాటా నిజమే. అయినా కేసు నిలబడదు. బయటివాళ్లకు ఇచ్చేటప్పుడు నాలుగుసార్లు చూసుకునే మనిషే, అయినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి 'మనవాడే కదా' అని కాగితం వంక సరిగా చూడడు. నోటు రాయడం పది నిమిషాల పని. రాశాక దాన్ని మురిగిపోకుండా కాపాడుకోవడమే అసలు పని. జనం తప్పులు చేసేది అక్కడే.

కావలసినవి

తెల్ల కాగితం, బాల్‌పాయింట్ పెన్ను, పోస్టాఫీసులో దొరికే రూపాయి రెవెన్యూ స్టాంపు, ఇద్దరు సాక్షులు. జెల్ పెన్ను వద్దు, స్టాంపు మీద సిరా అలుక్కుపోతుంది. దుకాణాల్లో అమ్మే అచ్చు ఫారాలు కూడా వద్దు. ఖాళీలు అలాగే వదిలేసి సంతకం పెట్టించడం వాటితోనే అలవాటైంది. మొత్తం చేత్తోనే రాయాలి, వీలైతే అప్పు తీసుకునే మనిషి చేతే రాయించాలి. అప్పుడు రేపు 'ఖాళీ నోటు మీద సంతకం చేయించుకున్నారు' అనడానికి చోటుండదు.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్ల మీద అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. 2 లక్షలు, ఆపైన నగదుగా ఇచ్చామని దావాలో రాస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలపాలని 2025లో సుప్రీంకోర్టు కోర్టులను ఆదేశించింది కూడా. బ్యాంకులో వేసేటప్పుడు రిమార్క్స్ దగ్గర 'అప్పు' అని రాయండి. ఇంటివాళ్ల కేసుల్లో అవతలివైపు మొదట వచ్చే మాట 'అది అప్పు కాదు, అభిమానం కొద్దీ ఇచ్చారు' అనో, 'నా వాటా కింద ఇచ్చారు' అనో ఉంటుంది.

నోటులో రాయాల్సిన మాటలు

తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు, తండ్రి పేరు లేదా భర్త పేరు, చిరునామా. తర్వాత ఇలా: 'నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ రోజున మీ వద్ద నేను అప్పుగా తీసుకున్న మొత్తం రూ. 3,00,000, అక్షరాలా మూడు లక్షల రూపాయలు. ఈ మొత్తమునకు నెలకు నూటికి రూపాయి చొప్పున వడ్డీతో సహా మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ ఆర్డరు పొందినవారికి గానీ చెల్లించి ఈ నోటు రద్దు చేయించుకోగలవాడను.'

ఇందులో ఒక్క మాట కూడా వదలకండి. 'మీ ఆర్డరు పొందినవారికి గానీ' అన్నది లేకుండా కింద సాక్షులు సంతకం చేస్తే, అవతలి ప్లీడరు లేచి ఇది ప్రామిసరీ నోటు కాదు, బాండు అంటారు. అప్పుడు స్టాంపు సుంకం వేరే లెక్కలోకి వెళ్తుంది, పెనాల్టీ పదింతల దాకా పోతుంది. 'మీరు కోరినప్పుడు' బదులు 'వచ్చే సంక్రాంతికి ఇస్తాను' అని గడువు పెట్టినా స్టాంపు లెక్క మారిపోతుంది. గడువు నోటితో చెప్పుకోండి, నోటులో రాయొద్దు. వడ్డీ రేటు మాత్రం రాయాలి. రాయకపోతే చట్టం ప్రకారం ఏడాదికి 18 శాతం లెక్క వస్తుంది, దాని మీద మళ్లీ ఇంట్లో గొడవ.

స్టాంపు అంటించాకే సంతకం చేయించండి. ఆ సంతకం స్టాంపు మీద మొదలై కాగితం మీదికి రావాలి. రెండు స్టాంపులు అంటిస్తే రెండింటి మీదా గీత పడాలి. స్టాంపు పక్కన శుభ్రంగా సంతకం చేయించి, స్టాంపును ముట్టుకోకుండా వదిలేసిన నోట్లు చూశాను. అలా రద్దు చేయని స్టాంపు ఉన్నా లేనట్టే. మిగతా పత్రాలకైతే తర్వాత సుంకం, పెనాల్టీ కట్టి గట్టెక్కొచ్చు. ప్రామిసరీ నోటుకు ఆ వెసులుబాటు లేదు.

స్టాంపు పేపరు, ఖాళీ చెక్కు ఎందుకు వద్దంటానంటే

వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుంటే గట్టిగా ఉంటుందని చాలామంది నమ్మకం. అప్పుకు నోటే గట్టిది. సంతకం తనదేనని ఒప్పుకుంటే చాలు, డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టలేదని చూపించాల్సిన భారం సంతకం చేసినవాళ్ల మీద పడుతుంది. ఖాళీ చెక్కు నాకు అసలు నచ్చదు. చెక్కు మీద తేదీ వేశాక చెల్లేది మూడు నెలలే. బౌన్స్ అయితే బ్యాంకు నుంచి కబురొచ్చిన 30 రోజుల్లో నోటీసివ్వాలి, అవతలివాళ్లకు 15 రోజులు గడువిచ్చి ఆగాలి, ఆ తర్వాత నెల రోజుల్లోపు ఫిర్యాదు వేయాలి. పైగా అది క్రిమినల్ కేసు. ఆడపడుచు భర్తను బోనులో నిలబెట్టాక ఆ ఇంటికి పెళ్లి పిలుపు ఎలా తీసుకెళ్తారు?

నోటు వెనక పక్క: చెల్లు వేయించడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. కోరినప్పుడు చెల్లించే నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టే. మీరు అడిగిన రోజు నుంచి కాదు, వడ్డీ ఇవ్వడం మానేసిన రోజు నుంచీ కాదు, రాసిన తేదీ నుంచే. ఈ మూడేళ్లను పొడిగించే దారి చెల్లు. అప్పు తీసుకున్న మనిషి కొంత కడితే ఆ సంగతి నోటు వెనక రాస్తారు. కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

ఒకావిడ పాత చీటీ పుస్తకంలో పెట్టుకుని నోటు తెచ్చారు. తోడికోడలి తమ్ముడికి ఇచ్చిన నాలుగు లక్షలు. ముందు పక్క చూస్తే తప్పు పట్టడానికి లేదు, స్టాంపు మీద సంతకం నిండుగా ఉంది. తిప్పి చూస్తే వెనక 'రూ. 5,000 ముట్టినది' అని ఉంది, కింద ఆవిడ సంతకం. 'మీరెందుకు పెట్టారమ్మా?' అని అడిగితే, 'డబ్బు ముట్టింది నాకే కదయ్యా' అన్నారు. రసీదు అనుకుని రాశారు పాపం. ఆ అబ్బాయి నిజంగానే ఐదు వేలు ఇచ్చాడు. కానీ అతని చేతిరాత గానీ సంతకం గానీ అక్కడ లేదు. నోటు రాసి మూడేళ్ల నాలుగు నెలలైంది. ఆవిడ కాగితాన్ని ముందుకు, వెనక్కు తిప్పి చూసుకుంటూ చాలాసేపు బెంచీ మీదే కూర్చున్నారు.

చెల్లు రాసి సంతకం చేయాల్సింది కట్టిన మనిషి. 'ఈ నోటు బాకీ కింద ఈ రోజున రూ. 5,000 చెల్లించాను' అని అతని చేతే రాయించి, తేదీ వేయించి, సంతకం చేయించండి. సంతకం రానివాళ్లయితే వేలిముద్ర, పక్కన అది ఎవరిదో రాత. ఫోన్‌పేలో నెలనెలా వడ్డీ పడుతోందని ధీమాగా ఉండొద్దు. డబ్బు పడినట్టు దాంతో తెలుస్తుంది, కానీ చట్టం అడిగేది కట్టినవాళ్ల రాత లేదా సంతకం.

అది కూడా మూడేళ్లు నిండకముందే జరగాలి. 15-06-2022 నాటి నోటుకు 15-06-2025 ఆఖరి రోజు. ఆ రోజు ఆదివారం కాబట్టి దావా సోమవారం వేసినా చెల్లుతుంది. చెల్లు విషయంలో మాత్రం ఆ ధైర్యం వద్దు. రెండున్నరేళ్లకే చెల్లు వేయించాలి. నేను అందరికీ చెప్పే లెక్క ఇదే. ఆఖరి వారంలో అడిగితే అవతలివాళ్లకు అర్థమైపోతుంది, ఊళ్లో ఉండరు, ఫోనెత్తరు.

అప్పు ఇద్దరు కలిసి తీసుకుంటే చెల్లు మీద ఇద్దరి సంతకాలూ కావాలి. అన్నదమ్ములో భార్యాభర్తలో కలిసి నోటు రాసి, చెల్లు దగ్గర ఒక్కరే సంతకం చేస్తే పొడిగింపు వాళ్ల వరకే. రెండోవాళ్ల మీద కాలం మొదటి తేదీ నుంచే నడుస్తుంది. భర్త ఒక్కడే సంతకం చేసి, ఆస్తి భార్య పేరున ఉన్న కేసుల్లో దీనికి జవాబుండదు.

కొందరు గడువు దాటాక పాత తేదీ వేసి, అవతలివాళ్ల సంతకం తామే గీస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. చేతిరాత నిపుణుడి దగ్గరికి వెళ్తే నిజమైన అప్పు కూడా పోతుంది, మీ మీదే కేసవుతుంది. గడువు దాటినా మర్యాదగా అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. పాత బాకీ ఇస్తానని కొత్త నోటు రాసి సంతకం చేస్తే అది చెల్లుతుంది. అప్పుడు పాత నోటు తిరిగిచ్చేయండి.

పెద్దమనుషుల దగ్గర కూర్చున్నప్పుడు

పంచాయితీ ఏడాది నడిచినా కాలం ఆగదు. 'ఉగాది వెళ్లాక చూద్దాం, పెళ్లి అయ్యాక చూద్దాం' అంటూ నోట్లు మురిగిపోయేది ఇక్కడే. మాట్లాడుకోండి, తప్పులేదు. కానీ లేచేముందు 'ఫలానా తేదీ నోటు బాకీ ఉన్నాను' అని అవతలి మనిషి చేత ఒక్క వాక్యం రాయించి, తేదీతో సంతకం చేయించండి. ఎప్పుడు ఇస్తానన్నది లేకపోయినా పర్వాలేదు. మూడేళ్లలోపు రాసిన ఆ ఒప్పుకోలుతో మళ్లీ కొత్తగా మూడేళ్లు వస్తాయి.

ఇవ్వకపోతే

లాయర్ నోటీసు, తర్వాత సివిల్ దావా. అంతకంటే ముందు కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలో అర్జీ పెట్టండి, ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో అవార్డు ఇస్తారు. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. దావాలో ఉండగా అక్కడ రాజీపడితే కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. అవతలివాళ్లు పొలం అమ్ముకునే ప్రయత్నంలో ఉంటే దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు అడగాలి, ఆలస్యం చేయొద్దు. డిక్రీ వచ్చాక అమలుకు 12 ఏళ్లు గడువుంది.

అప్పు తీసుకున్నవాళ్లు చనిపోతే వారసులు బాధ్యులే, కానీ వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకే. అప్పిచ్చిన నాన్న చనిపోతే పిల్లలు వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోనిదే ఆ బాకీకి డిక్రీ రాదు. మూడేళ్లు దగ్గరపడితే ముందు దావా వేసి, ధ్రువపత్రం తర్వాత దాఖలు చేయండి.

నోటుకు లామినేషన్ చేయించొద్దు, వెనక చెల్లు రాయడానికి వీలుండదు. రెండు పక్కలా ఫోటో తీసి ఉంచుకుని, అసలు కాగితం ఇంట్లో దస్తావేజులతో పాటు దాచండి. బాకీ మొత్తం తీరిన రోజు మీరే నోటు మీద 'పూర్తిగా ముట్టినది' అని రాసి, తేదీతో సంతకం చేసి, అసలు నోటు వాళ్ల చేతికి ఇచ్చేయండి. నోటు కనిపించడం లేదని చెప్పి పంపించొద్దు. ఆ రోజు దొరక్కపోతే రసీదైనా రాసివ్వండి.