1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోందా?

సమస్య: శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ జంక్షన్ దగ్గర 1 టీబీ హార్డ్ డిస్క్ కొంటారు. ఇంటికెళ్లి విండోస్ సిస్టమ్‌కి పెడితే 931 జీబీ అంటుంది. "ఏటి బాబూ, డూప్లికేట్ అంటగట్టేసినావా?" అని షాపు మీదకి వెళ్లిపోతారు. ఆగండి. డూప్లికేట్ డిస్క్ తక్కువ చూపించదు, నిండుగా చూపించి, లోపల చోటు లేక మీ ఫొటోలు మింగేస్తుంది. అసలు అనుమానపడాల్సింది దాన్ని, అదైతే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి టూల్‌తో మొత్తం నింపి చూస్తేనే బయటపడుతుంది.

కారణం: డిస్క్ కంపెనీకి టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు, జీబీ అంటే వంద కోట్లు. విండోస్ మాత్రం వెయ్యికి బదులు 1024 చొప్పున లెక్కేస్తుంది కాబట్టి దాని జీబీ 107,37,41,824 బైట్లు, దాంతో లక్ష కోట్లని భాగిస్తే వచ్చేది 931.3. లెక్క తప్పు కాదు, పక్కన రాసే పేరే తప్పు. ఈ 1024 లెక్కకి కిబి, మెబి, గిబి అని 1998లోనే ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వేరే పేర్లు పెట్టింది, విండోస్ ఇప్పటికీ జీఐబీ (గిబిబైట్) అని రాయకుండా జీబీ అనే రాస్తోంది. మ్యాక్ 2009 నుంచి వెయ్యి లెక్కకి మారిపోయింది, అందుకే అదే డిస్క్ అక్కడ 1 టీబీ అనే కనిపిస్తుంది.

పరిష్కారం: డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో బైట్ల అంకె చూడండి. లక్ష కోట్లకి దగ్గర్లో ఉంటే సైజు సరిగానే ఉన్నట్టు. లినక్స్ వాళ్లయితే డీఎఫ్ కమాండ్‌కి చిన్న హెచ్ ఇస్తే 1024 లెక్క, పెద్ద హెచ్ ఇస్తే వెయ్యి లెక్క.

ర్యామ్‌కి ఈ గొడవ లేదు, అది 1024 లెక్కలోనే అమ్ముతారు. 8 జీబీలో 7.8 మాత్రమే వాడుకోవచ్చని చూపిస్తే మిగతాది గ్రాఫిక్స్ లాంటి హార్డ్‌వేర్ పనులకి పోయినట్టే.

ఇంకో సమస్య, ఇది వీడియోవాళ్లకి బాగా తెలుసు: విజయనగరంలో సిరిమానోత్సవం షూట్ చేసి ఎడిటర్ "4.2 జీబీ ఫైల్" పంపిస్తాడు, పెన్ డ్రైవ్‌లో చోటు బోలెడున్నా కాపీ అవదు. ఆ పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్‌కి హద్దు 429,49,67,295 బైట్లు. మ్యాక్ చూపించే 4.2 అంటే 420 కోట్ల బైట్లు, పట్టేస్తుంది. విండోస్ చూపించే 4.2 అంటే దాదాపు 451 కోట్లు, పట్టదు. అంకె ఒకటే, ఫైళ్లు వేరు! అందులోని డేటా వేరేచోట దాచుకుని, ఇంత హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది, కాకపోతే పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్ చదవవు, వాటికైతే ఫైల్‌ని రెండు ముక్కలు చేసి ఇవ్వడమే.

విండోస్ చూపించిన ఫైల్ సైజు ఎవరికైనా చెప్పేటప్పుడు జీఐబీ అని రాయండి, అది అవతలివాళ్లకి అర్థం కాదనిపిస్తే బైట్ల అంకె మొత్తం పంపించేయండి.