ఇంట్లో శరన్నవరాత్రులు – ఐదవ పాఠం: అష్టమి నుంచి ఉద్వాసన దాకా

నాలుగవ పాఠంలో మూలా నక్షత్రం నాడు పుస్తకాలను పీఠం మీద ఉంచి సరస్వతీ పూజ చేసుకోవడం వరకు వచ్చాం. ఇక మిగిలినవి దుర్గాష్టమి, మహర్నవమి, విజయదశమి. పాడ్యమి నాడు కలశం పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదికీ ఉన్న ఉత్సాహం ఎనిమిదో రోజుకు సన్నగిల్లుతుంది. నిద్ర చాలదు, పూలు కట్టి కట్టి వేళ్లు నొప్పి పుడతాయి, ఎలాగోలా పూర్తయితే చాలనిపిస్తుంది. కాని ఆడబిడ్డ పుట్టింటికి వస్తే ఒడిబియ్యం పోయకుండా పంపే ఇల్లు మన తెలంగాణలో ఉండదు. అమ్మవారిని సాగనంపడం కూడా అంత శ్రద్ధగానే జరగాలి. తొమ్మిది రోజులు కుదరక సప్తమి, అష్టమి, నవమి మూడు రోజులే పూజ చేసుకునేవారు కూడా ఈ పాఠం నుంచే మొదలుపెట్టవచ్చు.

ముందుగా పంచాంగం చూడటం నేర్చుకోవాలి, ఎందుకంటే ఈ రోజుల్లో వచ్చే పొరపాట్లలో ఎక్కువ భాగం తేదీని బట్టి తిథిని ఊహించడం వల్లనే వస్తాయి. తిథి అర్ధరాత్రి మారదు, సూర్యోదయంతోనూ మారదు. చంద్రుడి నడకను బట్టి పగలైనా రాత్రైనా ఎప్పుడైనా మారుతుంది. 2024 సంవత్సరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఏడు అష్టమి అక్టోబరు 10 మధ్యాహ్నం మొదలై 11వ తేదీ మధ్యాహ్నం 12 గంటలు దాటిన కాసేపటికి ముగిసింది. సద్దుల బతుకమ్మ సాయంత్రపు పండుగ కాబట్టి, సాయంత్రానికి అష్టమి ఉన్న 10వ తేదీనే ఆడుకున్నారు. 11న ఉదయం అష్టమి, మధ్యాహ్నం నుంచి నవమి ఉండటంతో ఆ రెండు పూజలనూ ఒకే రోజు చేసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. 12న సూర్యోదయానికి ఇంకా నవమే ఉన్నా, విజయదశమికి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటిన వేళలో, దశమి ఉండటం ముఖ్యం కనుక పండుగ ఆ రోజే వచ్చింది. 2025లో దీనికి భిన్నంగా ఒక తిథి వృద్ధి చెందింది, అంటే వరుసగా రెండు సూర్యోదయాలకు అదే తిథి ఉంది. సెప్టెంబరు 22న మొదలైన నవరాత్రులకు విజయదశమి అక్టోబరు 2న, అంటే పదకొండో రోజున పడింది. అందువల్ల రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవద్దు. తిథి ముగిసే సమయాన్ని పంచాంగంలో చూసి, ఒక కాగితం మీద రాసి దేవుడి గూటి పక్కన అంటించుకోండి.

అష్టమి ముగియబోయే ఆఖరి ఘడియ, నవమిలో తొలి ఘడియ కలిసి సంధికాలం. ఘడియ అంటే 24 నిమిషాలు, కాబట్టి అది మొత్తం 48 నిమిషాలు. చండముండులను సంహరించడానికి అమ్మవారు చాముండగా వెలసిన సమయం ఇదని చెబుతారు. బెంగాలీలు ఈ వేళ 108 దీపాలు వెలిగిస్తారు. మన ఇళ్లలో అంత ఏర్పాటు అక్కరలేదు. ఆ కాసేపు టీవీ, ఫోను పక్కన పెట్టి లలితా సహస్రనామమో, దుర్గా సప్తశతిలో ఒక అధ్యాయమో చదువుకుంటే చాలు. సప్తశతిలో 13 అధ్యాయాలున్నాయి. అన్నీ ఒక్కరోజులో చదవలేనివారు మహిషాసుర వధ ఉన్న రెండు నుంచి నాలుగో అధ్యాయం వరకు గల మధ్యమ చరిత్రను ఎంచుకోవచ్చు.

అష్టమి నాడు హైదరాబాదు ఇంటికి రెండు పనులు కలిసి వస్తాయి. ఒకటి అమ్మవారి పూజ, రెండవది పెత్రమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మను సద్దులతో సాగనంపడం. పూలకు తెల్లవారక ముందే గుడిమల్కాపూర్ వెళ్లండి. ఎండెక్కితే తంగేడు వాడిపోతుంది. గునుగు పూలను కట్టలుగా కట్టి, కొసలను రంగునీళ్లలో ముంచి, తలకిందులుగా ఆరబెట్టి పేరిస్తే రంగు పక్క పూలకు అంటదు. సద్దులకు అన్నం పొడిపొడిగా వండి, వెడల్పాటి తాంబాలంలో పరిచి పూర్తిగా చల్లార్చాలి. నువ్వులను సన్నని సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, ఉప్పు చేర్చి కచ్చాపచ్చాగా దంచి ఆ అన్నంలో కలిపితే నువ్వుల సద్ది అవుతుంది. వేడి అన్నంలో కలిపితే నూనె విడిచి ముద్ద కడుతుంది. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరి సద్ది, పెరుగన్నం మీకు తెలిసినవే. పెరుగన్నం మాత్రం చివర కలపండి, లేకపోతే సాయంత్రానికి పులుస్తుంది. పసుపు గౌరమ్మను తీసి పుస్తెలకు పసుపు పెట్టుకున్నాకే బతుకమ్మను నీటిలో విడవాలి.

కుమారీ పూజకు రెండేళ్ల నుంచి పదేళ్ల వరకు వయసున్న బాలికలను పిలవాలి. దేవీ భాగవతం రెండేళ్ల పాపను కుమారి అని, మూడేళ్ల పాపను త్రిమూర్తి అని, నాలుగేళ్ల పాపను కల్యాణి అని పిలుస్తుంది. ఇలా పదేళ్ల బాలిక సుభద్ర. ఎందరున్నా అందరికీ ఒకే రకం వస్త్రం, ఒకే పరిమాణంలో తాంబూలం ఇవ్వండి. గడిచిన ఏడు మా అంతస్తులోని పాపను పీట మీద కూర్చోబెట్టి, ఇత్తడి పళ్లెంలో పాదాలు కడిగి పసుపు రాస్తుంటే, పెదవులు బిగబట్టి చాలాసేపు ఓర్చుకుంది. ఆఖరికి, "అమ్మమ్మా, చక్కిలిగింతలు పెడుతున్నాయి, నవ్వొచ్చా?" అని అడిగింది. నవ్వమన్నాను. ఆ నవ్వు ఆ పూజలోని భాగమే. పిల్లలను గంటలకొద్దీ కదలకుండా కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. అరగంటలో పూజ ముగించి, వారికి ఆకలయ్యే వేళకు భోజనం పెట్టండి.

అఖండ దీపం పెట్టినవారు ఈ మూడు రాత్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి. వారం రోజులుగా వెలిగిన వత్తి కొసకు మసి గడ్డకట్టి ఉంటుంది. ఒక సంవత్సరం అష్టమి రాత్రి నేను ఆ మసిని పుల్లతో దులపబోతే దీపం కొండెక్కింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అత్తమ్మ లేచి వచ్చి, "గాబరా పడకు బిడ్డా. నూనె పోసి, మళ్ల దండం పెట్టుకొని వెలిగించు. రేపటి నుంచి పక్కన ఇంకో దీపం ఉంచుకో" అన్నది. వత్తిని ముట్టుకునే ముందు అఖండ దీపం నుంచే ఒక చిన్న ప్రమిద వెలిగించి పక్కన పెట్టుకోవడం ఆనాటి నుంచి మా ఇంటి నియమం. పెద్ద దీపం ఆరినా అదే జ్యోతితో తిరిగి వెలిగించుకోవచ్చు. అపార్టుమెంట్లలో దీపాన్ని నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెం మధ్య పీట మీద ఉంచి, కర్టెన్లకు దూరంగా జరపండి.

నవమి నాటి ఆయుధ పూజ తేలిక. కత్తిపీట, కుట్టు మిషను, సుత్తి, స్కూటరు, మీకు అన్నం పెట్టే పనిముట్టు ఏదైతే అది, ముందు శుభ్రంగా తుడవాలి. కంప్యూటరుకు కరెంటు తీసేసి, మూత అంచున తడి లేని బొట్టు పెడితే చాలు. తీగలు దూర్చే రంధ్రాల దగ్గరికి పసుపు కుంకుమలు పోకూడదు. బండి ముందు బూడిద గుమ్మడికాయ కొట్టాక ముక్కలను రోడ్డు పక్కకు తీసేయండి. వాటి మీద జారి పడేది వెనక వచ్చే బండివాడే.

విజయదశమి ఉదయం పునఃపూజ చేసి, నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చాక క్షమాపణ చెప్పుకోవాలి: "ఆవాహనం న జానామి న జానామి విసర్జనమ్, పూజావిధిం న జానామి క్షమస్వ పరమేశ్వరి." పిలవడమూ తెలియదు, పంపడమూ తెలియదు, మన్నించమని దీని భావం. తర్వాత "యథాస్థానం ఉద్వాసయామి, శోభనార్థే క్షేమాయ పునరాగమనాయ చ" అంటూ అక్షతలు వేసి, రెండు చేతులతో కలశాన్ని కొద్దిగా కదపాలి. మా ఇంట్లో ఉత్తరం వైపు కదుపుతాం, మీ పెద్దల పద్ధతి వేరైతే దానినే పాటించండి. "పునరాగమనాయ" అన్న మాట దగ్గర కాస్త ఆగి, మళ్లీ రమ్మని మనసులో పిలవండి. ఆ తర్వాతే కొబ్బరికాయ తీయాలి. కలశంలోని నీటిని మామిడాకుతో ఇల్లంతా చల్లి, మిగిలినది తులసి కోటలో కాకుండా వేరే మొక్కకు పోయండి. కలశం కింది బియ్యంతో పరమాన్నం వండి, ఆ కొబ్బరినే తురిమి అందులో వేయవచ్చు. దీపాన్ని ఊది ఆర్పవద్దు, నూనె అయిపోయి దానంతట అదే శాంతించనివ్వండి. సరస్వతి దగ్గర పెట్టిన పుస్తకాలను తీసి పిల్లల చేత నాలుగు వాక్యాలు చదివించండి. వాడిన పూలను ప్లాస్టిక్ సంచిలో కట్టి చెరువులో వేయకుండా, తుంచి కుండీల మట్టిలో కలపండి.

సాయంత్రం జమ్మి పూజ. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలను దాచింది ఈ చెట్టు మీదనే. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా ఇదే. దసరా ముందు రోజు బజారులో అమ్మే కొమ్మలలో అప్పుడప్పుడు సర్కారు తుమ్మ కలిసిపోతుంది, కనుక చేతిలోకి తీసుకొని చూడండి. సర్కారు తుమ్మకు ఆకు మొలిచే కణుపు దగ్గర పొడుగాటి ముళ్లు జంటగా ఉంటాయి. జమ్మికి చిన్న ముళ్లు కణుపుల నడుమ కొమ్మ వెంట చెదురుగా ఉంటాయి. తెల్ల కాగితం మీద "శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ, అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ" అని రాసి, కింద ఇంట్లోవారి పేర్లు రాసి కొమ్మకు తగిలించి, ప్రదక్షిణ చేయాలి. గుడిలోని చెట్టు నుంచి కొమ్మలు విరవకుండా గుప్పెడు ఆకులు మాత్రం తెచ్చుకోండి. దసరా నాడు జమ్మి ఆకే బంగారం. ఇంటికి రాగానే ఆ బంగారాన్ని ముందు ఇంటి పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి, ఆ తర్వాత ఇరుగుపొరుగుతో అలాయ్ బలాయ్. ఇద్దరు ముగ్గురు పెద్దలున్న ఇంట్లో ఎవరికి ముందు ఇవ్వాలన్న తడబాటు లేకుండా, వయసులో అందరికంటే పెద్దవారి దగ్గర మొదలుపెట్టండి.

అభ్యాసంగా, రాబోయే ఆశ్వయుజ మాసపు పంచాంగం తెరిచి అష్టమి, నవమి, దశమి తిథులు ముగిసే సమయాలను రాయండి. అపరాహ్ణంలో దశమి ఏ రోజున ఉందో గుర్తించి, సంధికాలపు 48 నిమిషాలను మీరే లెక్కకట్టండి. ఆరవ పాఠంలో అట్లతద్దికి పిండి రుబ్బుకోవడంతో మొదలుపెడదాం.