బ్లోయర్ పాఠాలు – 4: పుల్లీ మార్చే ముందు వేయాల్సిన లెక్క

పోయిన పాఠంలో టాకోమీటరుతో బ్లోయర్ స్పీడు చూడటం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ స్పీడు మారిస్తే ఏమవుతుందో చూద్దాం.

గుంటూరులో ఒక కారం మిల్లు అనుకోండి. ఘాటు బయటికి లాగే బ్లోయర్‌కి 5 హెచ్‌పీ మోటారు, మోటారు స్పీడు 1440 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు). మోటారుకి 4 అంగుళాల పుల్లీ, బ్లోయర్‌కి 6 అంగుళాలది. 1440ని 4తో గుణించి 6తో భాగిస్తే 960. బ్లోయర్ తిరిగేది అంత. గాలి చాలడం లేదని మోటారు వైపు 5 అంగుళాల పుల్లీ వేశారు. ఇప్పుడు 1200, అంటే పాతదానికి 1.25 రెట్లు.

గాలి కూడా అంతే పెరుగుతుంది, 1.25 రెట్లు. ప్రెషర్ మాత్రం స్పీడు వర్గాన్ని బట్టి 1.56 రెట్లవుతుంది. ఇక పవరు అంటే ఈ రెండింటి లబ్ధమే కదా, అది ఘనాన్ని బట్టి దాదాపు 1.95 రెట్లు!

ఇక్కడ కాసేపు ఆగండి. పాతిక శాతం గాలి కోసం దాదాపు రెట్టింపు పవరు ఇస్తున్నాం. ఇంతకుముందు బ్లోయర్ 3 హెచ్‌పీ తీసుకుంటుంటే ఇప్పుడు 5.86 అడుగుతుంది. ఆ మోటారు మోయలేదు. కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతుంది. చాలామంది రిలే సెట్టింగ్ పెంచి నడిపించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, వైండింగ్ కాలిపోతుంది. ఆటోనగర్‌కి పుల్లీ కోసం వెళ్లేముందే టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) ఆంప్స్ చూసి, మోటారు నేమ్‌ప్లేట్‌తో పోల్చుకోండి. ఇంపెల్లర్‌కి (బ్లోయర్ లోపల తిరిగే రెక్కల చక్రం) కంపెనీ చెప్పిన గరిష్ఠ స్పీడు కూడా దాటకూడదు.

అసలు గాలి ఎందుకు తగ్గిందో ముందు చూడాలి. కారం పొడి సన్నది, బ్యాగ్ ఫిల్టర్‌లో ఇట్టే పట్టేస్తుంది. అది దులిపితేనే సరిపోయే చోట పుల్లీ మార్చడం డబ్బు దండగ. పై లెక్కలైనా అదే బ్లోయర్, అదే డక్టు, డాంపర్ (డక్టులో గాలిని తగ్గించే, పెంచే తలుపు) కదపకుండా ఉన్నప్పుడే నిలుస్తాయి.

స్పీడు తగ్గించేటప్పుడు ఇదే ఘనం మనకు లాభం. వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడు మార్చే పరికరం) పెట్టి 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే గాలి 80 శాతం వస్తుంది, పవరు దాదాపు సగమే. రోకళ్లు కొన్నే ఆడే రోజున డాంపర్ మూయడం కన్నా ఇదే నయం.

అభ్యాసం: పై మిల్లులోనే 5 అంగుళాలకి బదులు 4.5 అంగుళాల పుల్లీ వేస్తే స్పీడు, గాలి, ప్రెషర్, హెచ్‌పీ ఎంతెంత? ఆ మోటారు మోస్తుందా? జవాబు వచ్చే పాఠంలో, డాంపర్ల సంగతితో పాటు.