ఎండలు ముదిరేలోపు ఒంట్లో ఉన్న డీజే స్టెంట్ సంగతి తేల్చుకోండి

ఎండాకాలం వచ్చిందంటే కిడ్నీ రాళ్ల నొప్పితో ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లు పెరుగుతారు. లేజర్ చేసి రాయి తీశాక చాలామందికి లోపల ఒక సన్నని పైపు పెట్టి ఇంటికి పంపిస్తారు, అదే డీజే స్టెంట్. సుమారు 2 మిల్లీమీటర్ల మందం, పెద్దవాళ్లకైతే 24, 26 సెంటీమీటర్ల పొడవు, ఒక కొస కిడ్నీలో, ఇంకో కొస మూత్రాశయంలో చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆపరేషన్ తర్వాత వాపు వల్ల మూత్రనాళం మూసుకుపోకుండా చూడటం దాని పని. పని అయిపోయాక అది బయటికి రావాలి.

రానివి చాలా ఉంటాయి. గుండెలో వేసిన స్టెంట్ జీవితాంతం ఉంటుంది కదా, ఇదీ అంతే అనుకునేవాళ్లున్నారు. నొప్పి తగ్గింది, పనుల్లో పడిపోయారు, గల్ఫ్‌కి తిరుగు ప్రయాణం టికెట్ ఉంది, వెళ్లిపోయారు. డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో ఎవరూ పూర్తిగా చదవరు. అందుకే ముందు ఆ కాగితం తీయండి, ‘డీజే స్టెంట్ ఇన్ సైటూ’ అన్నట్టు ఏమైనా రాసుంటే పైపు లోపలే ఉందని అర్థం. కాగితం దొరక్కపోతే పొట్ట ఎక్స్‌రే ఒక్కటి తీయించినా సాధారణంగా కనబడిపోతుంది.

ఎందుకింత టెన్షన్ అంటే, మూత్రంలో కాల్షియం ఎప్పుడూ ఉంటుంది. పైపు పెట్టిన కొద్ది రోజులకే దాని మీద సన్నని జిగురు పొర, దాంట్లో సూక్ష్మజీవులు చేరతాయి, ఆ పొరకి కాల్షియం ఆక్సలేట్, ఫాస్ఫేట్ అనే లవణాలు అతుక్కుంటాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కాయిల్ చూశారుగా, అలాగే తెల్లగా గట్టిపడుతుంది. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో, 6 వారాల్లోపు తీసిన స్టెంట్లలో నూటికి 9 దాకా ఇలా గారపట్టి ఉన్నాయి, 6 నుంచి 12 వారాల మధ్య తీసినవాటిలో దాదాపు సగం, ఆ పైన తీసినవాటిలో నూటికి 76. అంటే మీరు ఏం తింటున్నారు అన్నదానికంటే ఎన్నాళ్లు ఉంచుకున్నారు అన్నదే ఎక్కువ లెక్క.

మామూలు రాయి కేసుల్లో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తీసేస్తారు, ఎక్కువకాలం అవసరమైనవాళ్లకి కూడా కొన్ని నెలలకొకసారి మార్చాల్సిందే. గర్భిణులకైతే గార ఇంకా త్వరగా పడుతుంది, అందుకే వాళ్లకు 4 నుంచి 6 వారాలకే మారుస్తుంటారు. తేదీని మీ ఫోన్‌లోనే కాదు, ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టించండి. ఊరు మారుతుంటే ముందే తీయించుకోవచ్చేమో అడగండి. తీసేటప్పుడు నొప్పి అని భయపడి వాయిదా వేస్తారు, నిజానికి చాలామందికి జెల్ వేసి, సన్నని కెమెరాతో కొద్ది నిమిషాల్లో లాగేస్తారు. గార పట్టాక అలా కుదరదు. బలంగా లాగితే మూత్రనాళం చిరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి మళ్లీ లేజర్, కొందరికి వీపు వైపు నుంచి ఆపరేషన్, ఖర్చు మొదటిసారి కంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. కొందరికి నొప్పే లేకుండా కిడ్నీ పాడైపోతుంది కూడా.

తీసేదాకా నీళ్లే ముఖ్యం. రోజుకి 2, రెండున్నర లీటర్ల మూత్రం రావాలి, అంటే ఎండలో పనిచేసేవాళ్లు 3 లీటర్ల కంటే ఎక్కువే తాగాలి, అదీ ఒక్కసారి కాదు, పడుకునే ముందు, రాత్రి లేచినప్పుడు కూడా. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే చాలట్లేదు. గుండె జబ్బు, కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే తాగండి.

ఉప్పు తగ్గించండి, ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. కొత్తావకాయ సీజన్‌లో ఈ మాట ఎవరికీ రుచించదు, తెలుసు. పాలు, పెరుగు మాత్రం మానకండి. తిండిలో కాల్షియం తగ్గితే పేగుల్లోంచి ఆక్సలేట్ ఎక్కువగా ఒంట్లోకి వెళ్తుంది. ఆ ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర, గోంగూర, జీడిపప్పు కొంచెం చూసుకుని తినండి. విటమిన్ సి మాత్రలు సొంతంగా మింగకండి. రాళ్లకి ఇచ్చే సిట్రేట్ సిరప్ కూడా అంతే, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకి మూత్రం ఆమ్లగుణం తగ్గితే ఫాస్ఫేట్ గార ఇంకా పెరగొచ్చు.

కొండపిండి ఆకు, అరటి దూట రసం, ఉలవచారు గురించి అందరూ అడుగుతారు. ఉలవచారు అన్నంలోకి వేసుకోండి, నాకూ ఇష్టమే. పైపు మీద గట్టిపడింది దాంతో కరగదు, అది తాగుతున్నాం కదా అని తేదీ దాటేయడమే అసలు ప్రమాదం.

మంచాన ఉన్న పెద్దవాళ్లకి యూరిన్ బ్యాగ్ పైపు ఉంటే దానికీ ఇదే కథ. ఏ రకం పైపు వేశారో, ఎన్ని వారాలకి మార్చాలో అడిగి రాసుకోండి. బ్యాగ్‌లోకి మూత్రం రావడం ఆగి, పక్కనుంచి కారుతుంటే పైపు మూసుకుపోయి ఉండొచ్చు, వెంటనే మార్పించాలి.

స్టెంట్ ఉన్నన్నాళ్లు మంట, మూత్రం మాటిమాటికీ రావడం, బరువులెత్తినప్పుడు కాస్త ఎర్రగా రావడం మామూలే. చలితో జ్వరం వచ్చినా, రక్తం గడ్డలుగా పడినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకండి, క్యాజువాలిటీకి వెళ్లి మొదటి మాటే లోపల స్టెంట్ ఉందని, ఏ తేదీన వేశారో చెప్పండి.