ఆర్‌ఎక్స్ 100కి జెట్ కుదర్చడం: అనంతపురం ఎండకి, డిసెంబరు చలికి

టవర్ క్లాక్ వైపు నుంచి మా షెడ్డుకి యమహా ఆర్‌ఎక్స్ 100 తెచ్చే కుర్రాళ్లు ముందు సైలెన్సరే అడుగుతారు. సైలెన్సర్ మారిస్తే జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు ఎంత పోవాలో కొలిచే, సన్న రంధ్రమున్న చిన్న ముక్క) కూడా మార్చాల్సిందే, కాబట్టి ముందు జెట్ కుదర్చడం నేర్చుకోండి. 1996లో తయారీ ఆగిపోయిన బండి ఇది. 98 సీసీలో 11 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజిన్‌ని పాడు చేసుకోవద్దు. అమెరికాలో పాత మస్టాంగ్, కమారో కార్లతో పావు మైలు, అంటే 402 మీటర్లు, పందెం వేసేవాళ్లు కూడా ఆ రోజు ఎండ చూసుకునే జెట్లు మారుస్తారు.

కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరుని వేళ్లతో వంచి చూడండి. సన్నటి పగులున్నా మార్చేయండి. ఫిల్టర్ శుభ్రం చేసి, 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) నింపి, కంపెనీ మెయిన్ జెట్ కన్నా ఒక సైజు పెద్దది వేయండి.

జెట్ కుదిరిందో లేదో చూసే టెస్టు రోడ్డు మీద వద్దే వద్దు. మన హైవేల మీద గొర్రెల మంద ఎప్పుడు అడ్డమొస్తుందో చెప్పలేం. అనుమతి ఉన్న ఖాళీ స్థలంలో, హెల్మెట్‌తో చేయండి. ఇంజిన్ వేడెక్కాక కొత్త స్పార్క్ ప్లగ్ బిగించి, మూడో గేర్‌లో ఫుల్ రేజ్ మీద లాగండి. రేజ్ తగ్గించకుండా క్లచ్ పట్టి, అదే క్షణంలో తాళం ఆపేయండి. కాసేపు ఐడిలింగ్‌లో నడిచినా ప్లగ్ మీద గుర్తు మారిపోతుంది.

ఇప్పుడు ప్లగ్ విప్పి చూడండి, కాలుతుంటుంది, గుడ్డతో పట్టుకోండి. కొస చూస్తే లాభం లేదు. తెల్ల పింగాణీ ఇనుములోకి దిగేచోట టార్చి వేసి చూడండి. అక్కడ లేత కాఫీ రంగు గీత చుట్టూ కనిపిస్తే జెట్ కుదిరినట్టే. తడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, ఒక్క సైజు తగ్గించి మళ్లీ చూడండి. పాల తెలుపు ఉంటే ఇక బండి లాగొద్దు, పిస్టన్ పట్టేస్తుంది. వెంటనే పెద్ద జెట్ వేయండి.

మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి కన్నా డిసెంబరు తెల్లవారుజామున 17 డిగ్రీల గాలి 8 శాతానికి పైగా చిక్కన. వేసవిలో అచ్చంగా కుదిరిన జెట్ చలికాలంలో చాలదు. కడప నుంచి ఇక్కడికి ఎత్తు తేడా సుమారు 200 మీటర్లే, దానికన్నా ఎండే ఎక్కువ మారుస్తుంది. అందుకే జెట్ నంబరు, ఆ పూట ఎండ, ప్లగ్ రంగు రాసి పెట్టుకోండి.

బంకుల్లో పోసే ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, సంగతీ ఇంతే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత పెట్రోలుకి సరిపోయిన జెట్ దీనికి తక్కువవుతుంది. పాత రబ్బరు పైపుల్ని కూడా అది తినేస్తుంది. జెట్ మార్చే రోజే పైపులూ కొత్తవి వేయించండి.